జడకు పట్టిన చీమలు

కోర్టు కాగితంలో టైము కూడా రాసి ఉంది. రేపు ఉదయం పది గంటలు. ఆ గంట దాటాక సంధ్యారాణి గొంతులో ఉన్న గొట్టం తీసేయవచ్చు. ఆ కాగితం నకలు కామేశం చొక్కా జేబులో ఉంది.

అంతకు ముందు ఒక్కటే అడ్డు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఎమ్మెల్యే అచ్చియ్యమ్మ గారు చోడవరం నర్సింగ్ హోముకి వస్తున్నారు, ఊళ్ళవాళ్ళ అర్జీ పుచ్చుకోవడానికి. ఆవిడ తలుచుకుంటే కలెక్టరుతో మాట్లాడగలదు. కొత్త డాక్టర్లను పిలిపించి, సర్కారు వకీలుని మళ్ళీ కోర్టుకి పంపించగలదు. తలుచుకోకపోతే రేపు పదింటికి అంతా అయిపోయినట్టే.

కామేశం వాచీ చూసుకున్నాడు. పదకొండు దాటి అయిదు నిమిషాలు.

ఇరవై ఆరేళ్ళు పోలీసుశాఖలో వేలిముద్రలు చూసి రిటైరైన మనిషి. ఇప్పుడు అనకాపల్లిలో ఒక గది, ఒక బోర్డు, ఒక భూతద్దం. నాలుగు రోజుల కిందట సంధ్యారాణి తల్లి దేముడమ్మ బస్సు దిగి వచ్చి ఆ గదిలో నేలమీద కూలబడింది. "నా అల్లుడే నా కూతుర్ని కాలవకాడ పడగొట్టేడు బాబూ. సావనేదని ఇప్పుడు కోర్టు సేత సంపిస్తన్నాడు. రుజువు తే" అంది. కామేశం తల ఊపాడు. అంతే, కేసు ఒప్పుకున్నట్టు.

జరిగింది ఇదని ఊరంతా చెప్పేది: శివరాత్రి వెళ్ళిన అమావాస్య. రావికమతం వైపు ఒక సచివాలయంలో మహిళా పోలీసుగా చేసే సంధ్యారాణి సాయంత్రం స్కూటరు మీద ఇంటికొస్తోంది. కాలవ మదుం, అంటే నీళ్ళు పోయే తూము, దగ్గర బండి జారింది. తల మదుం రాయికి కొట్టుకుంది. మొదట చూసింది ఆమె మేనమామ, బెల్లం పాక ఉన్న గణపతిరావు. తన వ్యానులో పడుకోబెట్టి ఏడున్నరకల్లా ఆస్పత్రిలో చేర్చాడు. ప్రాణం నిలిచింది, మనిషి లేవలేదు. ఎనిమిది నెలలైంది. రెండు డాక్టర్ల బోర్డులు ఇక ఆశ లేదన్నాయి. మొగుడు సూర్యతేజ కోర్టుకి వెళ్ళాడు. మేనమామ ఊళ్ళమీదికి వెళ్ళాడు. ఆరువందల పద్నాలుగు సంతకాలు, వేలిముద్రలు, పదకొండుమంది సర్పంచుల ఉత్తరాలు తెచ్చాడు. గొట్టం తీయొద్దని, అదే ఈ అర్జీ.

సూర్యతేజ వార్డు బయట బల్లమీద కూర్చుని ఉన్నాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. గెడ్డం మాసి ఉంది.

"ఆ సాయంత్రం ఆరింటికి ఎక్కడున్నారు?"

"మీరు ఎనిమిదో మనిషి ఈ మాట అడగడం. పదో తరగతికి స్పెషల్ క్లాసు. ఆరున్నర దాకా నలభైమంది పిల్లలు నన్ను చూసేరు. మా అత్తగారు తప్ప అందరూ నమ్మేరు."

"ఆవిణ్ణి చంపమని కోర్టునెందుకు అడిగేరు?"

అతను కోపం తెచ్చుకోలేదు. కోపం అయిపోయిన మనిషిలా ఉన్నాడు. "చంపమని కాదండి, ఒదిలెయ్యమని. వీపంతా పుళ్ళు. పక్క తిప్పడానికి నలుగురు కావాలి. దాని డ్యూటీ డ్రెస్సు చూసి ఊళ్ళో సారా కాసేవాళ్ళు పారిపోయేవాళ్ళు. అలాంటి మనిషిని ఇలా ఎన్నాళ్ళు ఉంచాలి, మీరే చెప్పండి."

కామేశం మాట మార్చాడు. "ఆ వారం ఏమైనా తేడాగా ఉందా?"

"ఏజెన్సీకి సారా బెల్లం ఎక్కడినుంచి పోతోందో కనిపెడతానని పట్టుదలగా తిరిగేది. ఆఖర్ని రెండ్రోజులు ముభావంగా ఉంది. అన్నం దగ్గర ఒక్క మాట అడిగింది. 'మనవాళ్ళదే అయితే ఏటి చెయ్యాలి?' అని. ఏటి మనవాళ్ళది అంటే చెప్పలేదు."

పన్నెండుకి దేముడమ్మ వరండా మెట్లమీద దొరికింది. వాన ఆగి ఆగి పడుతోంది. ఒళ్ళో ఒక పాలిథీన్ సంచి. అందులో జడ. మూరెడు పైగా, ఒత్తుగా, కొస రబ్బరుబ్యాండుతో సహా.

"ఇదేటమ్మా?"

"ఆపరేసనప్పుడు కత్తిరించేసేరు. పారెయ్యడానికి సెయ్యి రానేదు. సింహాద్రప్పన్నకి మొక్కేను బాబూ. నా కూతురు లెగిసి కూకున్ననాడు దీన్ని కొండమీద ఇచ్చీసి, నా తల కూడా ఇచ్చీస్తానని." సంచి విప్పి, కొంగుతో దులిపింది. గబగబా దులిపింది, సిగ్గుపడ్డట్టు. "ఏటి కర్మో గాని, ఎక్కడెట్టినా సీమలు పట్టేస్తన్నాయి. డబ్బాలో ఎట్టేను. పసుపు జల్లేను. పీటకాళ్ళ కింద నీళ్ళెట్టి పైనెట్టేను. బతికున్న మనిసికి సీమలు పడతాయేటి బాబూ? ఇది ఎవులికీ సెప్పనేదు."

కామేశం జడ అందుకున్నాడు. భూతద్దం తీశాడు. పాయలమధ్య, మెడ దగ్గరి భాగంలో, లక్కముక్కల్లా గోధుమరంగు చుక్కలు గట్టిగా అంటుకుని ఉన్నాయి. నాలుగైదు కాదు, ఇరవై పైనే. వేలు తడిచేసి ఒక చుక్కమీద పెట్టాడు. జిగురు సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడిన తీపి.

చీమలకి శాస్త్రాలు తెలియవు. తీపి తెలుసు.

"పడ్డరోజుకి ముందు తల ఎప్పుడంటుకుంది?"

"శివరాత్రినాడు. నానే సీకాయెట్టి రుద్దేను."

"ఆ మర్నాడు మీ తమ్ముడి పాకలో బెల్లం వండేరా?"

దేముడమ్మ అతనికేసి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "అమావాస్య కదు బాబూ! అమావాస్యనాడు పెనం కింద నిప్పెవుడెడతాడు? మా నాయినకాడినించీ నేదు. మా వైపు ఏ పాకలోనూ నేదు."

కామేశం జడని కాగితంలో చుట్టి, దానిమీద టైము వేసి, ఆవిడచేత వేలిముద్ర వేయించి సంచిలో పెట్టుకున్నాడు. దేముడమ్మ ఇవ్వడానికి గింజుకుంది.

"మళ్ళీ తెత్తావా?"

"తెస్తాను."

"నా తమ్ముడికి సెప్పనా?"

"వద్దు."

ఒంటిగంటన్నరకి ఆటో గణపతిరావు బెల్లం పాక దగ్గర ఆగింది. చెరకు కాలం కాదు కాబట్టి పాక చచ్చినట్టు పడి ఉంది. పెనం బోర్లించి, పొయ్యిగుంట మీద రేకు కప్పి ఉంది. వెనక గుడిసెలోంచి ఒక ముసలామె పరిగెత్తుకొచ్చింది. పేరు నూకరత్నం. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే పని ఆమెది.

కామేశం లోపల అడుగు పెట్టాడో లేదో అరిచింది. "ఓయ్ బాబూ! జోళ్ళు! జోళ్ళేసుకుని పెనంకాడికెల్తారేటి? లక్ష్మి కదు!"

కామేశం వెనక్కి వచ్చి చెప్పులు విప్పాడు. విప్పినవాడు అక్కడే ఆగిపోయాడు. "ఎవరైనా విప్పాల్సిందేనా?"

"కలకటేరైనా ఇప్పాల్సిందే. ఇక్కడి పిల్లగుంటలకి నడక రాకముందే తెలుస్తాది ఆ సంగతి. తవరు టౌనోరు కామాల."

లోపల గోడకి నాలుగు తెడ్లు ఆనించి ఉన్నాయి. పాకం కలిపే తెడ్లు, నిలువెత్తు కర్రలు. మూడింటి పిడులు ఏళ్ళ తరబడి చేతులు పట్టి నల్లగా నున్నగా ఉన్నాయి. నాలుగోది పచ్చికర్ర, కొత్తది.

"ఇదెప్పుడు చేయించేరు?"

"సీజను మజ్జిలో. పాతది ఇరిగిపోనాదన్నాడు బాబు."

"విరిగింది మీరు చూసేరా?"

"నేదు. పొయ్యిలో ఎట్టేసేనన్నాడు."

"శివరాత్రి అమావాస్య మర్నాడు పొద్దున్న మీరు పాకకి వచ్చేరా?"

"బూడిదకొచ్చేను. గిన్నెలు తోముకోడానికి. ఎప్పుడూ వస్తాను." అరచెయ్యి చాపి చూపించింది, ఆ కాలిన మచ్చ ఇంకా అక్కడ ఉన్నట్టు. "బూడిదలో సెయ్యెట్టేసరికి సుర్రుమంది. అడుగున నిప్పుంది బాబూ! రెండ్రోజులై పొయ్యి ముట్టించనేదు కదా, నిప్పేటని గణపతిబాబుని అడిగితే, ఎలకలకి పొగెట్టేనన్నాడు. ఎలకలకి అంత పిప్పి తగలేత్తారేటి? నాకేల అని ఊరుకున్నాను."

కామేశం గుమ్మంవైపు చూశాడు. ఈ ప్రశ్న తప్పుగా అడిగితే జవాబు మళ్ళీ దొరకదు. "గుమ్మంలో ఏమైనా కనిపించేయా?"

నూకరత్నం అటూ ఇటూ చూసింది. "జోళ్ళు. ఆడమనిసివి, నీలం పట్టీలవి. తీసుకెల్లి ఆ బాబుకే ఇచ్చేను. మా సంధ్యవే, మొన్నొచ్చినప్పుడు మర్సిపోనాదన్నాడు."

"ఉత్తికాళ్ళతో ఇంటికెళ్ళిపోయిందా?"

ముసలామె తన ఉత్తికాళ్ళకేసి చూసుకుంది.

"ఇదంతా ఎవరికీ చెప్పలేదా?"

"ఎవులడిగేరు? పోలీసోల్లూ కాలవకాడికే ఎల్లేరు. కంపినీ బాబూ కాలవకాడికే ఎల్లేడు. నన్నడిగింది ఒక్కటే, ఏలిముద్ర. ఎమ్మెల్లేకి అర్జీ అన్నారు. ఏసేను. ఆ గుంట బతకాలి కదా బాబూ."

బయట కారు ఆగింది. దిగినవాణ్ణి కామేశం చూడకుండానే పోల్చుకున్నాడు, సెంటు వాసనని బట్టి. ఫణిశ్రీనివాస్. స్కూటరు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణ చేసి, రోడ్డు ప్రమాదమని రిపోర్టు రాసినవాడు. విశాఖపట్నం మనిషి. బూట్లతోనే తిన్నగా పెనం దాకా నడిచి వచ్చాడు. నూకరత్నం నెత్తి కొట్టుకుంది.

"కామేశం గారూ! ఆస్పత్రినుంచి మీరు ఇటు బయల్దేరేరని గణపతిరావు గారు ఫోన్ చేసేరు. మూసేసిన ఫైలు తవ్వుతున్నారట. రిటైరయ్యేక కూడా ఓవర్ టైమా?"

"మీ ఫోటోలు ఉన్నాయా?"

"లేకేం? పదకొండు." ఫోను తీసి గర్వంగా చూపించాడు. మదుం, రాయిమీద నెత్తురు, పడి ఉన్న స్కూటరు, గట్టు, కాలవ. "సాయంత్రం ఆరుకి పడింది, మర్నాడు ఎనిమిదింటికి నేనక్కడున్నాను. నాకంటే ముందు ఎవరూ వెళ్ళలేదు."

"జోళ్ళేవి?"

"ఏం జోళ్ళు?"

"ఆవిడవి. ఆస్పత్రిలో చేర్చినప్పుడు రాసిన కాగితంలో ఒంటిమీద ఉన్న వస్తువులన్నీ ఉన్నాయి. జోళ్ళు లేవు. మీ ఫోటోల్లోనూ లేవు."

"కాలవలో కొట్టుకుపోయుంటాయి."

"ఏడో ఫోటో చూడండి. కాలవలో ఇసక కనిపిస్తోంది. పిల్లి పాదం మునిగే నీళ్ళు లేవు. కొట్టుకుపోవడానికి వాటికి కాళ్ళుండాలి."

ఫణిశ్రీనివాస్ ఏడో ఫోటో చూశాడు. ఫోను జేబులో పెట్టేశాడు. కామేశం జడ సంగతి, బూడిద సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. సంధ్యారాణి ఈ పాకలోకి వచ్చింది. అమావాస్య కాబట్టి ఎవరూ రారనుకుని దొంగతనంగా వండుతున్న సారా బెల్లం చూసింది. గుమ్మంలో జోళ్ళు విప్పి మరీ లోపలికొచ్చింది, మేనమామకి చెప్పి మాన్పిద్దామని. పాకం తెడ్డు తలమీద పడింది. ఆ తరవాత గణపతిరావు మనిషినీ స్కూటరునీ తన వ్యానులో మదుం దగ్గరికి చేర్చాడు. ఆమెని ఉత్తికాళ్ళతో మోసుకెళ్ళాడు. పాకలో ఎవరి కాళ్ళకీ జోళ్ళుండవు కాబట్టి, అవి లేకపోవడం అతని కంటికి ఆనలేదు.

అవతలివాడు చప్పట్లు కొట్టాడు, మెల్లగా, మూడుసార్లు. "కథ బావుంది. ఒక్క చిల్లుంది. చంపబోయినవాడు గొట్టం తీసెయ్యమంటాడు గాని, ఉంచమని ఎమ్మెల్యే కాళ్ళు పట్టుకుంటాడా? ఎండలో పడి ఆరువందల వేలిముద్రలు వేయిస్తాడా?"

"ఊపిరున్నంతకాలం అది యాక్సిడెంటు. ఊపిరి పోతే శవపంచనామా, పోస్టుమార్టం. పుర్రెమీద దెబ్బ రాతిదో కర్రదో అప్పుడు చూస్తారు. ఆమె బతికుంటేనే అతను బతుకుతాడు."

ఈసారి ఫణిశ్రీనివాస్ గొంతులో వెటకారం లేదు. "అయితే ఊరుకోండి. రేపు పదింటికి గొట్టం తీస్తారు, పదకొండుకి మీ కేసు గెలుస్తుంది. ఆ ఎమ్మెల్యే ఆపించిందా, దొంగ గెలుస్తాడు. ఏం చేస్తారు? ఆ తల్లికి ఏమని చెప్తారు?"

కామేశం చెప్పులు తొడుక్కుని ఆటో ఎక్కాడు. దారంతా వాన.

మూడూ నలభైకి నర్సింగ్ హోములో నర్సు రాజ్యం టేబులు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు టైములు రాసి ఉన్న కాగితం చదవడం అతని అలవాటు. టేబులు మీద సంధ్యారాణి నాడి రాసే పుస్తకం ఉంది, గంటకో వరస. తిరగేశాడు. ఎనభై, ఎనభై రెండు, డెబ్భై తొమ్మిది. సాయంత్రం అయిదుకి నూట ఇరవై ఆరు. ఆరుకి నూట ముప్ఫై. ఏడుకి మళ్ళీ ఎనభై. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఇదేటమ్మా?"

"సాయంత్రం విజిటర్ల గోల కదండీ. అందుకనుకున్నాం."

నెల వెనక్కి వెళ్ళాడు. ఒకచోట మూడు రోజులపాటు అయిదింటికి కూడా ఎనభై రెండే. "ఈ మూడు రోజులూ గోల లేదా?"

రాజ్యం వేళ్ళమీద లెక్క పెట్టుకుంది. "గోల ఉందండి. గణపతిరావు గారు లేరు. అర్జీ పనిమీద విజయవాడ వెళ్ళేరు. ఆయన రోజూ అయిదింటికొచ్చి గంట కూచుంటారండి పక్కన. పాపం, మేనకోడలంటే ప్రాణం."

కామేశం పుస్తకం మూయలేదు. వేలు ఆ వరసమీదే ఉంది.

బయట జీపులు ఆగాయి.

అచ్చియ్యమ్మ గారు పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పులమనిషి. వచ్చీ రాగానే దేముడమ్మ చెయ్యి పట్టుకుంది. గదిలో మంచం పక్కన గణపతిరావు అర్జీ కట్ట గుండెలకి ఆనించుకుని నిలబడ్డాడు. తెల్లచొక్కా, ఎర్రబడ్డ కళ్ళు. గోడవైపు సూర్యతేజ. మంచంమీద సంధ్యారాణి, కప్పు చూస్తున్న కళ్ళు, గొంతులో గొట్టం.

"అమ్మా, ఇది నా ఒక్కడి మాట కాదు" అన్నాడు గణపతిరావు. "ఆరువందల పద్నాలుగు మంది మాట. కలెక్టరు గారితో తవరొక్క ముక్క అంటే సాలు. కోర్టుకి దయ నేదు గాని గవర్నమెంటుకి ఉంటాది కదమ్మా. మా గుంట సావకూడదు."

"రెండు బోర్డులు రాసిచ్చేక నేనేటి చెప్పను గణపతిరావు గారూ? కోర్టు మాటకి అడ్డం పడ్డాననరా? ఏదైనా కొత్త ఆధారం ఉండాలి. ఏటుంది?"

తలుపు దగ్గరినుంచి కామేశం అన్నాడు: "ఉందమ్మా. రెండు నిమిషాలు చాలు. ఆ మెషీను మీద అంకె చూడండి. నూట ఇరవై ఎనిమిది. ఒక్కొక్కరే బయటికెళ్ళి రండి. అంతే."

ఆవిడకి వింతగా తోచింది గాని ఒప్పుకుంది. సూర్యతేజ వెళ్ళి వచ్చాడు. నూట ఇరవై ఎనిమిది. దేముడమ్మ వెళ్ళి వచ్చింది. నూట ఇరవై ఏడు. గణపతిరావు వెళ్ళాడు. వరండాలో అతని చెప్పుల చప్పుడు దూరమైంది. అంకె దిగసాగింది. నూట పది. తొంభై అయిదు. ఎనభై నాలుగు. అక్కడ నిలబడింది.

"రమ్మనండి" అన్నాడు కామేశం.

చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. మనిషి గుమ్మం దాటకముందే అంకె వందకి ఎక్కింది. మంచం పక్కకి వచ్చేసరికి నూట ముప్ఫై రెండు.

ముందు దేముడమ్మ ఏడ్చింది, నవ్వుతూ ఏడ్చింది. "గుర్తట్టింది! నా తల్లి మేనమావని గుర్తట్టింది! ఇనిపిస్తంది అమ్మా దానికి, అన్నీ ఇనిపిస్తన్నాయి!"

సూర్యతేజ గోడకి జారిపోయి నేలమీద కూర్చున్నాడు. "అన్నీనా?" అన్నాడు. "ఈ ఎనిమిది నెలలూ దీని పక్కన కూచుని మేం మాట్లాడినవన్నీ వినేసిందా?" రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అచ్చియ్యమ్మ గారు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "కలెక్టరు గారికి కలపండి. అర్జెంటని చెప్పండి. ఈ రాత్రికే కొత్త డాక్టర్లు రావాలి. తెలివున్న మనిషైతే కళ్ళతోనో వేలితోనో మాట చెప్పించే మార్గాలున్నాయట. పడ్డనాడు ఏమైందో ఆ పిల్లే చెప్తుంది." గణపతిరావు కేసి తిరిగి చెయ్యి చాపింది. "అర్జీ ఇవ్వండి బాబూ. మీరు గెలిచేరు."

గణపతిరావు ఇవ్వలేదు. అతని కళ్ళు అంకెమీద ఉన్నాయి. నూట నలభై. అర్జీ కట్టని మెల్లగా వీపు వెనక్కి తీసుకున్నాడు.

"ఒద్దులెండమ్మా" అన్నాడు.

"ఏటి?"

"తవరు సెప్పిందే రైటు. కోర్టు మాటకి అడ్డం పడకూడదు. ఎన్నాళ్ళని బాధ పడతాది అది? రేపు పదింటికి... కానిచ్చేయండి."

ఆరువందల పద్నాలుగు వేలిముద్రలు వేయించిన మనిషి ఆ మాట అన్నాడు. ఫోనులో అవతల ఎవరో హలో, హలో అంటున్నారు.

దేముడమ్మ నవ్వు మొహంమీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. తమ్ముడికేసి చూసింది. అంకెకేసి చూసింది. మళ్ళీ తమ్ముడికేసి చూసింది. కామేశం తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడకి ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

ఆవిడ లేచింది. స్టూలు ఈడ్చుకొచ్చి తమ్ముడికీ మంచానికీ మధ్య వేసుకుని, వాడికి ఎదురుగా కూర్చుంది. వీపు వెనక కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది.

"బయపడకమ్మా" అంది వెనక్కి తిరక్కుండా. "నానున్నాను. ఈడు నీకాడికి రాడు."